తాగి పడిపోయిన విశ్వాసిని ప్రభు బల్ల నుంచి ఆపడం సరైనదేనా?

కృష్ణాతీరం:
అందరికీ వందనాలు. మా తమ్ముడి సంగతి అడుగుతున్నాను. వాడు బైక్ మెకానిక్. ఏడేళ్లు తాగాడు. బాప్తిస్మం తీసుకున్నాక పదకొండు నెలలు చుక్క ముట్టలేదు. పోయిన నెల మేనమామ కూతురి పెళ్లిలో మళ్లీ పడ్డాడు. ఎవరూ పట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే తనే వెళ్లి పాస్టరు అయ్యగారికి చెప్పేశాడు. సంఘపెద్దలు కూర్చుని మూడు నెలలు బల్లకు దూరంగా ఉండమన్నారు.

మాకు నెలకోసారి, మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. మొన్న పళ్లెం మా బెంచీకి వచ్చినప్పుడు వాడు ముక్క తీసుకోకుండా నా చేతికి ఇచ్చేశాడు. వెనక ఒకావిడ మెడ సాచి మరీ చూసింది. ఇక చర్చికి రానంటున్నాడు. ఒప్పుకున్నవాడికి శిక్ష, దాచుకున్నవాడికి రొట్టె. ఇదేం లెక్క?

డెల్టా విశ్వాసి:
బ్రదర్, మీ బాధ అర్థమైంది. కానీ పెద్దల్ని తప్పుపట్టకండి. మాది నరసాపురం వైపు బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ సహవాసం, 1830ల్లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల నాటిది. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం. పొరుగూరి సహవాసానికి వెళ్తే సిఫారసు పత్రిక అడుగుతారు. అంత జాగ్రత్త ఎందుకంటే, అయోగ్యంగా తిన్నందుకు కొరింథులో చాలామంది జబ్బుపడ్డారనీ చాలామంది చనిపోయారనీ, ఆ ఊరి సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి కొరింథీ 11లో ఉంది. 5వ అధ్యాయంలోనైతే పౌలు ఒకణ్ణి ఏకంగా వెలివేయమన్నాడు. మా నాన్నను ఆరు నెలలు ఆపారు. ఆ తర్వాత చనిపోయేదాకా సీసా ముట్టలేదాయన.

గుంటూరు లూథరన్:
అదే 11వ అధ్యాయం 21వ వచనం నుంచి చదవండి. ఉన్నవాళ్లు ఎవరి భోజనం వాళ్లు ముందే లాగించి మత్తెక్కి కూర్చుంటే, లేనివాళ్లు ఆకలితో చూస్తున్నారు. పౌలు కోపం దానిమీద. ‘అయోగ్యముగా’ అన్నది తినే తీరు గురించి, తినే మనిషి గురించి కాదు. యోగ్యుడే తినాలంటే ఆ పళ్లెం అయ్యగారి దగ్గరే ఆగిపోతుంది. 28లో ‘ఆలాగుచేసి’ అనే మాట గమనించారా? తనను తాను పరీక్షించుకొని, ఆలాగుచేసి తినమన్నాడు. పరీక్షించుకొని పక్కవాడికి అందించమనలేదు.

ఆ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే ముందు ఆపాల్సింది మనల్ని. ఒకే ఊళ్లో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. దీనికి ఎవర్నైనా మూడు నెలలు ఆపారా?

5వ అధ్యాయం మనిషి తండ్రి భార్యను ఉంచుకున్నాడు. సంఘమేమో సిగ్గుపడాల్సింది పోయి ఉప్పొంగింది. ఈ తమ్ముడు తనే వెళ్లి చెప్పాడు కదా. ఇద్దరినీ ఒక గాటన ఎలా కడతారు?

పరిశుద్ధత ముఖ్యం:
కృప ఉంది కదా అని పాపంలో ఉండిపోదామా అని రోమా 6లో పౌలే అడిగాడు. పడటం, లేవటం, మళ్లీ పడటం విశ్వాసి జీవితం కాదు.

గుంటూరు లూథరన్:
ఆ పక్క పేజీయే రోమా 7 సార్. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నాను, వద్దనుకున్న కీడే చేస్తున్నాను అని వాపోయేది కూడా పౌలే. అది మారుమనసుకు ముందు మాటా, తర్వాత మాటా అని తొలి శతాబ్దాల సంఘ గురువు ఆగస్టీనే మొదట ఒకలా చెప్పి తర్వాత మార్చుకున్నాడు. మా శాఖకు మూలపురుషుడు లూథరైతే విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ, పాపీ అన్నాడు.

ఏలూరు కోడలు:
అన్నయ్యలూ, వచనాలు కాసేపు ఆపండి. నా భర్త తాగేవాడు. పొద్దున బల్ల తీసుకునేవాడు, సాయంత్రం నన్ను కొట్టేవాడు. మోచేతి మీద వాత కనబడకుండా మండుటెండలో నిండు చేతుల జాకెట్టు వేసుకుని వెళ్లేదాన్ని. పెద్దలందరికీ తెలుసు. కానుకలు బాగా వేసేవాడు, అందుకే ఒక్క ఆదివారం కూడా ఆపలేదు. ఒక్కసారి ఆపి ఉంటే, నా వైపు కూడా ఎవరో ఉన్నారని అనిపించేది. క్రమశిక్షణే వద్దనకండి. ఎవర్ని ఆపుతున్నారు, ఎవర్ని వదిలేస్తున్నారు, అది చూడండి.

గుంటూరు లూథరన్:
సిస్టర్, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అలాంటివాణ్ణి ఆపాల్సిందే.

డెల్టా విశ్వాసి:
నాదీ ఒక దిద్దుబాటు. మా నాన్నను బల్ల నుంచి ఆపిన ఆరు నెలలూ ఒక పెద్దాయన రోజూ సాయంత్రం మా అరుగు మీదికొచ్చి కూర్చునేవాడు. సారా కొట్టు తెరిచే వేళకి. ఇందాక అది రాయలేదు. కృష్ణాతీరం గారూ, మీ తమ్ముడి దగ్గరికి ఎవరైనా వస్తున్నారా?

కృష్ణాతీరం:
ఎవరూ రాలేదండి.

రిటైర్డ్ టీచర్:
ఒక చిన్న సంగతి. మీ పాత్రలో పోసేది వైనా, ఉత్త రసమా? తాగుడు మానుతున్నవాడికి ఆ వాసనే చాలు. అమెరికాలో వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు 1869లో ద్రాక్షరసాన్ని పులవకుండా వేడిచేసి సీసాల్లో పట్టింది ఈ బల్ల కోసమే.

కృష్ణాతీరం: (మూడు వారాల తర్వాత)
మాది ఉత్త రసమే టీచర్ గారూ. ఎండు ద్రాక్ష నానబెట్టి ఉడకబెట్టేది మా అమ్మే. గుడ్డలో పిండి వడగట్టడం తమ్ముడి పని, చిన్నప్పటి నుంచీ. పెద్దలు నిర్ణయం మార్చలేదు. కానీ వాళ్లలో ఒకాయన రెండుసార్లు షెడ్డుకి వచ్చి, పనేమీ లేకపోయినా బండి ఆయిల్ మార్పించుకుని వెళ్లాడట.

రేపు మొదటి ఆదివారం. ఇందాక అమ్మ గిన్నె దించి వాడి వైపు చూసింది. ‘గుడ్డ ఇటివ్వు’ అన్నాడు. చర్చికి వస్తాడో రాడో నేను అడగలేదు.