అప్‌డేట్: రాయగడలో (ఒడిశా) 3 లక్షల లోపు పాత జిప్సీ
3 లక్షల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే) బండి కొనొచ్చా అని అడిగాను కదా, ఆంధ్రాలోని పార్వతీపురంలో చూసిన మారుతి జిప్సీ జీపు తీసుకున్నాను. మీరు చెప్పినట్టే కింద దూరి, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, బిగించే చోట సుత్తితో తట్టాం. ఖంగుమంటే గట్టి ఇనుము, మొద్దుగా మోగితే లోపల తుప్పు. ముందు చూసిన బండిని అందుకే వదిలేశాం.

దీనికి వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల డబ్బా) ఆయిల్ పాలలా తెల్లగా ఉంది. వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగగానే చల్లబడి, బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీళ్లు పీల్చుకుంటుంది. ఆయిలు, సీళ్లు మార్చి, బ్రీదర్‌కి పైపు వేసి పైకి తెచ్చాం.

ఫోర్‌వీల్ పరీక్ష మెత్తటి మట్టి మీదే చెయ్యండి, ముందు చక్రాలని యాక్సిల్‌కి కలిపే హబ్‌లు లాక్ చేసి. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి.

ఆంధ్రా బండిని ఒడిశాకి మార్చుకోవాలి కాబట్టి, ఫారం 28 ఎన్‌ఓసీ (ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇచ్చాను.