స్పైనల్ ట్యాప్ వెనుక ఉన్న అసలు రాక్ బృందాలు ఏవి?

అందరికీ నమస్కారం. స్పైనల్ ట్యాప్ అనే కల్పిత రాక్ బృందం మీద రాబ్ రైనర్ 1984లో తీసిన ఉత్తుత్తి డాక్యుమెంటరీ ‘దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్’లోని ఏ హాస్యం ఏ నిజమైన బృందం నుంచి వచ్చిందో ఆరా తీస్తున్నాను. బేస్ గిటారిస్టుగా నటించిన హ్యారీ షియరర్, చిత్రీకరణకు ముందు ఇంగ్లండుకు చెందిన సాక్సన్ బృందం వెంట తిరిగి వారి తీరుతెన్నులు గమనించారన్న సంగతి తేలికగానే దొరికింది.

చిక్కంతా స్టోన్‌హెంజ్ (ఇంగ్లండులోని ప్రాచీన రాతి కట్టడం) దృశ్యం దగ్గరే వచ్చింది. సినిమాలో అడుగుల గుర్తుకు బదులు అంగుళాల గుర్తు పడడంతో, 18 అడుగులు ఉండవలసిన రాతి ద్వారం 18 అంగుళాలదై వేదిక మీదికి దిగుతుంది (ఎన్నిసార్లు చూసినా నవ్వు ఆగదు). బ్లాక్ సబ్బాత్ అనే నిజమైన రాక్ బృందం 1983 పర్యటనలో ఇందుకు తలకిందులుగా, వేదిక కోసం చేయించిన స్టోన్‌హెంజ్ నమూనా రాళ్లు వేదికలకు పట్టనంత పెద్దవయ్యాయి. అదే మూలమని కొందరు అంటారు గానీ, ఆగస్టులో మొదలైన పర్యటనను చూసి, మరుసటి మార్చికల్లా విడుదలైన సినిమాలో ఆ దృశ్యాన్ని చేర్చారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

పెట్టుబడి కోసం ముందే తీసిన 20 నిమిషాల నమూనా చిత్రాన్ని ఎవరైనా చూసి ఉంటే, అందులో ఈ రాళ్ల ముచ్చట ఉందో లేదో దయచేసి చెప్పగలరా? వరుసగా చనిపోయే డ్రమ్మర్ల హాస్యానికి ద హూ బృందం డ్రమ్మర్ కీత్ మూన్, లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్‌ల మరణాలే ప్రేరణ అని నటులు స్వయంగా చెప్పిన ఇంటర్వ్యూ ఏదైనా ఉంటే అదీ తెలుపగలరు.