ఇంట్లో ఉన్న పనిముట్లతో మొదటి కత్తి: ఏ ఉక్కు తీసుకోవాలి, ఎలా కాల్చాలి?

ప్రశ్న:
పెద్దలందరికీ నమస్కారం. అమ్మకు కూరగాయలు తరుక్కోవడానికి ఒక కత్తిని నా చేతులతో చేసి ఇవ్వాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. నా దగ్గర బెంచి వైస్, హాక్సా, రెండు ఆకురాళ్లు, డ్రిల్లింగ్ మిషన్, 4 అంగుళాల గ్రైండర్ ఉన్నాయి గానీ కొలిమి, దాగలి లేవు. కిటికీల పనిలో మిగిలిన ఇనుప పట్టీతో ఒక కత్తి చేసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా, దానితో టమాటా తొక్క కూడా తెగలేదు. తరువాత పాత ఇనుము కొట్టు నుంచి లారీ కమాన్ పట్టీ ముక్క తెచ్చి కోయబోతే, హాక్సా బ్లేడు పళ్లే అరిగిపోయాయి. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నానో దయచేసి చెప్పండి.

మొదటి జవాబు:
మీ పనితనంలో లోపం లేదు, లోహం ఎంపికలోనే ఉంది. కిటికీలకు వాడే మెత్తటి ఇనుములో కర్బనం సుమారు 0.2 శాతమే ఉంటుంది కాబట్టి, ఎంత కాల్చి ముంచినా అది గట్టిపడదు. కమాన్ పట్టీలో తగినంత కర్బనం ఉంది గానీ, దాన్ని ముందే గట్టిపరిచి ఉంచుతారు. అందుకే మీ హాక్సా ఓడిపోయింది. దాన్ని ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో కప్పి పెడితే మెత్తబడుతుంది. అయినా, దాగలి మీద సాగగొట్టే వీలు లేనప్పుడు అంత మందాన్ని ఆకురాయితో అరగదీయడం మొదటి కత్తికి తగిన పని కాదు. పైగా పాత పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు ఉండవచ్చు.

1084 అనే రకం ఉక్కు పట్టీని 2.5 మిల్లీమీటర్ల మందంలో కొనుక్కోండి. అందులో కర్బనం దాదాపు 0.84 శాతం, కొత్తవారి చేతిలో కొంచెం అటూ ఇటూ అయినా క్షమించే ఉక్కు అది. మెత్తబరిచినదే కావాలని అడిగి తీసుకుంటే హాక్సాకు సులభంగా లొంగుతుంది. ముందు అట్టముక్క మీద ఆకారం గీసి, కత్తిరించి, చేత్తో పట్టుకుని చూసిన తరువాతే ఉక్కు మీదికి ఎక్కించండి. అంచు పొడవునా నడిమధ్యగా సూదితో గీత గీసుకుంటే, రెండు వైపులా సమానంగా అరుగుతోందో లేదో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే బరువు వేయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. దాని పళ్లలో కాస్త సుద్ద రుద్దితే ఇనుప రజను ఇరుక్కుని అలుగు మీద లోతైన గీతలు పడవు. వాదరను, అంటే కోసే అంచును, ఇప్పుడే పలుచన చేయకుండా, 1 మిల్లీమీటరు మందం ఉంచేయండి. లేకపోతే నూనెలో ముంచినప్పుడు వంకర పోతుంది. పిడి మేకులకు రంధ్రాలు కూడా కాల్చకముందే వేసుకోవాలి, ఆ తరువాత మామూలు డ్రిల్లు బిట్టు దిగదు.

రెండవ జవాబు:
పైన చెప్పినదంతా సరైనదే. కాల్చే విషయం నేను చెబుతాను. ఆరుబయట నాలుగు పొయ్యి ఇటుకలు, తుమ్మ బొగ్గులు, గాలి కోసం ఒక ఇనుప గొట్టం చివర చిన్న బ్లోయర్ ఉంటే చాలు. వెలుగు తగ్గాక కాల్చండి, ఎందుకంటే ఎండలో ఎరుపు రంగు కంటిని మోసం చేస్తుంది. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఎరుపు ఇంకొక్క ఛాయ పెరగనిచ్చి, సుమారు 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన వేరుశెనగ నూనెలో మొనను కిందికి పెట్టి నిటారుగా దించాలి. పక్కలకు కదిలించకూడదు. నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, మంట లేస్తే మూయడానికి మూత చేతికందేలా ఉంచుకోవాలి. నేను ఒకసారి నూనె బదులు నీళ్లు వాడాను. సన్నగా ‘టింగ్’ మని వినిపించింది, బయటికి తీస్తే వాదర నుంచి వీపు దాకా వెంట్రుకవాసి పగులు. మూడు వారాల పని పోయింది.

చల్లారాక ఆకురాయిని అంచు మీద నడిపితే, అది గాజు మీద జారినట్లు జారాలి. ఆ స్థితిలో కింద పడితే కత్తి విరిగిపోతుంది కాబట్టి, మరునాటికి వాయిదా వేయకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచండి. తోమిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు రావాలి. నీలం తేలితే మెత్తబడిపోయినట్లే.

మూడవ జవాబు:
సాన పట్టేటప్పుడు గ్రైండర్ వాడితే దాని వేడికి ఆ నీలం రంగే వస్తుంది, కనుక చివరి పనంతా నీళ్లు చల్లుతూ సానరాయి మీద చేయండి. గ్రైండర్ గార్డు తీయకండి, రక్షణ కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి. పిడికి టేకు చెక్క, ఇత్తడి మేకులు, ఎపాక్సీ జిగురు సరిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. 1084 పట్టీకి ఆర్డర్ పెట్టాను. కమాన్ పట్టీని ఊరి కమ్మరి గారికి ఇచ్చి కత్తిపీట కొట్టించుకుంటాను. ఈ లోపల అట్టతో నమూనా కత్తిరించి అమ్మ చేతికిచ్చాను. ఉల్లిపాయ తరుగుతున్నట్లు నాలుగుసార్లు ఆడించి చూసి, పిడిని ఒక వేలెడు తగ్గించమంది. తగ్గించి మళ్లీ గీశాను.