ఏజెంట్ మార్చే ఫైళ్లకు కాపీలు దాచే టూల్: రీడ్‌మీ ఎలా రాయాలి?

నమస్కారం అండీ. మాది విజయనగరం. ఏఐ ఏజెంట్ (చెప్పిన పనిని కంప్యూటర్లో తనంతట తానే చేసే ప్రోగ్రామ్) ఏ ఫైలునైనా మార్చబోయే ముందు పాతదాన్ని కాపీ తీసి పక్కన దాచే చిన్న టూల్ రాశాను. కోడ్ అయిపోయింది, టూల్ గురించి వాడేవాళ్లకి చెప్పే రీడ్‌మీ ఫైలు దగ్గరే ఆగిపోయాను.

"మీ ఫైళ్లన్నిటికీ కాపీ ఉంటుంది" అని మొదటి వాక్యం రాశాను. అది నమ్మి, పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావగారు సరుకు లెక్కల ఫోల్డర్‌ను ఏజెంట్‌కి అప్పజెప్పారు. అది సర్దుతూ సర్దుతూ టెర్మినల్‌లో ఆర్‌ఎమ్ (rm) అనే తుడిచేసే కమాండ్ కొట్టి రెండు నెలల ఫైళ్లు తీసేసింది. నా టూల్ ఏజెంట్ ఎడిట్ చేసే దారిలోనే కాపు కాస్తుంది, టెర్మినల్ కమాండ్లు దానికి కనపడవు. కాపీల ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, కాగితం చిట్టాలు ముందేసుకుని మళ్లీ ఒక్కో అంకె ఎక్కిస్తుంటే ప్రాణం ఉసూరుమంది. తప్పు నా వాక్యానిదే.

ఈ పరిమితిని ఎక్కడ రాయాలి? ఇన్‌స్టాల్ కమాండ్ కంటే ముందే ఉండాలని నా ఉద్దేశం. గిట్ (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) తెలిసినవాళ్లకి "కమిట్ చేయని మార్పులూ దొరుకుతాయి" అంటే చాలు. తెలియనివాళ్లకి "స్నాప్‌షాట్" అనాలా, "పాత ప్రతి" అనాలా? ఇంకొకటి: లోపల ఒకే సమాచారం ఉన్న ఫైళ్లను గిట్ లాగే హాష్ (ఆ సమాచారం నుంచి లెక్కకట్టే గుర్తు) చూసి ఒక్కసారే దాస్తాను, ఆ హాష్‌నే పేరుగా పెడతాను. అందుకే కాపీల పేర్లు 40 అక్షరాల పొడుగుంటాయి. చెత్త అనుకుని ఎవరైనా తుడిచేస్తారని భయం.

రీడ్‌మీని ఏజెంట్ కూడా చదువుతుంది కదా, దానికి విడిగా రాయాలా? ఇలాంటివి రాసినవాళ్లు మీ మొదటి పది లైన్లు చూపించండి, దయచేసి.