మఠం తోట కూర హోటలుకు పోవచ్చా?

అలిపిరి వాసి: తిరుపతిలో మా వీధి చివర పాత మఠం తోట ఉంది. ఏళ్ళుగా ముళ్ళకంపే. ఇప్పుడొక హోటలాయన వచ్చి, బావి పూడిక తీయిస్తా, మడులు కట్టిస్తా, పండినదంతా మా వంటింటికివ్వండి అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. రామానుజుల మాట మీద ఆయన శిష్యుడు అనంతాళ్వారు తిరుమల కొండెక్కి తోట వేసింది స్వామి పూల కోసం. పూలన్నీ స్వామివేనని నేటికీ కొండమీద ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. అలాంటి చోట మఠం నేల హోటలు బిల్లు కోసం పండాలా?

వంట మాస్టరు: అన్నా, అది పూలతోట. ఇది కూరల తోట, మఠానికొచ్చినోళ్ళకు విస్తరేసేదానికి వేసింది. పొయ్యి ముందర ఇరవై ఏళ్ళు నిలబడినోణ్ణి, చెప్తా ఉండా. మాకు ఎర్రగడ్డలు, టమోటాలు మూటలు మూటలు కావాల, ఆ తోట చాలదు. అది ఇచ్చేది కరివేపాకు, పొనగంటాకు, అరిటాకు. పొద్దున కోసిన కరివేపాకు కాగిన నూనెలో వేస్తే వాసన వీధిలోకొస్తాది. రెండ్రోజులు గోతంలో మగ్గిన ఆకుకు ఆ వాసన యాడుంటాది? తోటకూర నెలకల్లా కోతకొస్తాది. కరివేపాకుకు మాత్రం ఏడాది దాకా ఆగాల. అన్నాళ్ళు నీళ్ళు పోసేదెవురు? హోటలాయన డబ్బు ఆడనే కావాల.

కపిల బావి: మా తాత ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన బావి అది. రాళ్ళ సందుల్లో రావి వేర్లు దిగాయి. 2021 నవంబరు వరదకు ఒండ్రు చేరి సగం పూడింది. ముందు వేర్ల సంగతి చూడకుండా పూడిక తోడితే గోడే కూలుతుంది. పని ఎండాకాలంలోనే జరగాలి, మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి కదా.

అలిపిరి వాసి: బావి బాగుపడితే నాకూ సంతోషమే. నా భయం నేల గురించి. మా అమ్మ వాళ్ళూళ్ళో ఒక మఠం మామిడితోట మూడేళ్ళకని లీజుకిచ్చారు. మళ్ళీ మఠం చేతికి రాలేదు. చెట్లు కూడా కొట్టేశారు.

కపిల బావి: అందుకే అన్నా, నేల ఇవ్వొద్దు, కూర అమ్మండి. 1987 దేవాదాయ చట్టం ఉన్నది మఠం ఆస్తి చెయ్యి జారకుండా చూడ్డానికే. తోటమాలి మఠం మనిషే ఉండాలి. తెల్లారి కోతలో మఠం వంటామె బుట్ట నిండాకే మిగిలింది తూకం వేసి హోటలుకు పంపాలి. ఈ వరస కాగితం మీద రాయించాలి.

వంట మాస్టరు: నాకు సమ్మతమే. కరువు నెలల్లో మిగలకపోతే హోటలాయన అడగకూడదు, అది కూడా రాయించు అక్కా.

అలిపిరి వాసి: అలా రాస్తే వేర్లు తీసే రోజు నేనూ గునపం పట్టుకొస్తా.