పాత బీబీసీ మైక్రో: బాగుచేయించాలా, ఎమ్యులేటర్‌తో కానిచ్చేయాలా?

కోనసీమ_సైన్సు (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. ఇక్కడ ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంటాను. మొన్న స్టోర్ రూము సర్దిస్తుంటే పాత ప్రశ్నపత్రాల కట్టల వెనక బీబీసీ మైక్రో (1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్) ఒకటి బయటపడింది. 1984లో కేంద్ర ప్రభుత్వం బళ్ళలో కంప్యూటర్ చదువు కోసం మొదలెట్టిన ‘క్లాస్’ పథకం కింద వచ్చిందట, స్టాకు రిజిస్టర్లో ఉంది. పక్కనే బూట్ల అట్టపెట్టెలో కొన్ని క్యాసెట్లు (అప్పట్లో ప్రోగ్రాములు వాటి మీద దాచుకునేవాళ్ళు). మానిటర్ ఏమైపోయిందో ఎవరికీ తెలీదు.

పూర్వ విద్యార్థులు కొంత డబ్బు సర్దుతామన్నారు. దాంతో దీన్ని బాగుచేయించి పిల్లల ముందు పెట్టాలని నా సరదా. మా కంప్యూటర్ టీచర్‌గారేమో, “ల్యాబ్‌లో లాప్‌టాప్‌లున్నాయి కదండీ, అచ్చం ఆ పాత మెషీన్‌లా నడిచే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ ఎక్కిస్తే క్లాసంతా ఒకేసారి చేస్తారు. ఆ డబ్బాకి డబ్బు తగలేయడం ఎందుకు?” అంటున్నారు. స్టాఫ్ రూములో రెండు పార్టీలైపోయాయి. మీరేమంటారు?

తణుకు_కోడర్

మీ కంప్యూటర్ టీచర్‌గారి పార్టీయే నాది సర్.

ఆ మెషీన్‌లో ఉన్నదేంటి? 2 మెగాహెర్ట్జ్ మీద నడిచే 6502 ప్రాసెసర్, 32 కేబీ మెమరీ. ఇవాళ చవక ఫోను కూడా దాన్ని నిద్రలో నడిపేస్తుంది. జేఎస్‌బీబ్ అని ఉంది, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. విండోస్‌లో అయితే బీబ్‌ఎమ్ ఉంది. పిల్లాడు ప్రోగ్రామ్ టైపు చేస్తుండగా కరెంటు పోయిందనుకోండి (పోతుంది, వేసవిలో మనకది మామూలే), ఎమ్యులేటర్‌లో అప్పటిదాకా దాచుకున్న స్థితి నుంచి మళ్ళీ మొదలెడతాడు. అసలు మెషీన్‌లో అయితే అంతా గోవిందా.

ఎమ్యులేటర్ అంటే ఏదో నకలు, సుమారుగా ఉంటుంది అనుకునేవాళ్ళకి ఒక్క మాట. 1984లో వచ్చిన ఎలైట్ ఆట ఉంది కదా, అది తెర పైభాగం ఒక మోడ్‌లో (చుక్కలు, రంగుల అమరిక అన్నమాట), కింది భాగం ఇంకో మోడ్‌లో చూపిస్తుంది. తెర మీద గీత గీత దిగుతున్నప్పుడే మధ్యలో టైమర్‌తో మోడ్ మార్చేస్తుంది. టైమర్ చిప్పు లెక్క కొంచెం అటూ ఇటూ అయినా ఆ విభజన రేఖ ఎగుడుదిగుడుగా గెంతుతుంది. ఇప్పటి ఎమ్యులేటర్లలో అది గీత కూడా కదలదు. ఇంతకన్నా ఏం కావాలి?

టంకం_చుక్క (కాకినాడ)

అన్నిటికన్నా ముందు ఒక మాట: సర్, దయచేసి దానికి ప్లగ్గు పెట్టకండి. ఎవరు తొందరపెట్టినా సరే.

పవర్ సప్లైలో మెయిన్స్ వచ్చే చోట, లోపలి పొరలు కనిపించే పసుపు రంగు డబ్బాల్లాంటి కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైతొడుగు ఏళ్ళకి సన్నగా నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లోంచి తేమ లోపలికెళ్తుంది. మన తేమ సంగతి చెప్పాలా, కోనసీమలో గుమ్మం చెక్క ఆరు నెలలు ఉబ్బే ఉంటుంది. అలాంటి దానికి 230 వోల్టులిస్తే కొన్ని నిమిషాల్లోనే టప్పుమని, గోధుమరంగు పొగ, చేపలు మాడిన కంపు. మెషీన్ చావకపోవచ్చు గానీ పిల్లల ముందు అయితే పెద్ద గోల. ఎక్స్2 రకం కొత్త కెపాసిటర్లు వేస్తే ఆ బెంగ తీరిపోతుంది, వాటి ఖర్చు ఏమంత కాదు.

తర్వాత, బీబీసీ మైక్రోలో పెద్ద చిప్పులు చాలావరకు సాకెట్లలో కూర్చుని ఉంటాయి. ఉప్పుగాలికి కాళ్ళు నల్లబడతాయి. ఒక్కోటి జాగ్రత్తగా లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ కూర్చోబెడితే సగం రోగాలు అక్కడే పోతాయి. మానిటర్ లేదని దిగులు పడకండి. వెనక ‘వీడియో అవుట్’ అని గుండ్రటి బీఎన్‌సీ సాకెట్ ఉంటుంది, దాన్నుంచి పాత టీవీ ఏవీ పిన్నుకి తీగ లాగితే నలుపుతెలుపుల్లో బొమ్మ వస్తుంది.

ఇక అసలు ప్రశ్నకి. తణుకు చెల్లెమ్మా, నువ్వు చెప్పిన గీతల లెక్కంతా కరెక్టే. కానీ పిల్లకి మూత విప్పి చూపించగలవా? ఇదిగో ప్రాసెసర్, ఇదిగో మెమరీ (రామ్) చిప్పులు వరసగా, వేలు పెట్టి లెక్కపెట్టు అని? ఇవాళ్టి లాప్‌టాప్ విప్పితే ఏది ఏదో నాకే తెలియట్లేదు.

కుర్ర_ఇంజినీరు

రెండూ వద్దు, పైథాన్ నేర్పించండి. ఈ మ్యూజియం గొడవ ఎందుకు?

తణుకు_కోడర్

@కుర్ర_ఇంజినీరు: ల్యాబ్‌లో పైథాన్ ఎలాగూ చెబుతారు. ఇది దాని ప్రశ్న కాదు.

@టంకం_చుక్క: అన్నయ్యా, మూత విప్పి చూపించడానికి మెషీన్ పనిచేయాలని లేదుగా! చచ్చిన మెషీన్ మూత తీసి బల్ల మీద పెట్టండి, లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ నడపండి. రెండూ తీరిపోతాయి. ఖర్చు లేదు.

భీమవరం_చెరువులు

ఆయ్, ఇక్కడ ఒక ముఖ్యమైంది వదిలేస్తున్నారండి.

బీబీసీ మైక్రో వెనక అనలాగ్ పోర్టు ఉంది. నాలుగు ఛానెళ్ళు. అందులో ఉండే బేసిక్ భాషలో ఏడీవాల్ అని ఒక ఫంక్షన్, ఛానెల్ నంబరిస్తే అక్కడ ఎంత వోల్టేజి ఉందో 0 నుంచి 65520 మధ్య అంకెగా చెప్పేస్తుంది. చిన్న థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే భాగం) తగిలిస్తే ఉష్ణోగ్రత వచ్చేస్తుంది. మాది రొయ్యల చెరువులండి, నీళ్ళు ఎప్పుడు వేడెక్కుతున్నాయో చూసుకోకపోతే కొంప మునుగుతుంది. బకెట్లో నీళ్ళు పెట్టి, థర్మిస్టర్ ముంచి, తెర మీద గ్రాఫు గీయించండి. మూడు నాలుగు లైన్ల ప్రోగ్రామ్. మన పిల్లలకి అది అర్థమైనంతగా ఇంకేదీ అర్థం కాదు.

ఎమ్యులేటర్‌కి బకెట్ తెలుసా? జాయ్‌స్టిక్‌నో మౌస్‌నో కదిపితే ఏడీవాల్‌లో అంకె మారుతుంది, అంతే.

తణుకు_కోడర్

అదే పని ఆర్డునో అనే చిన్న సర్క్యూట్ బోర్డు చేస్తుంది, ఇంకా చవగ్గా. మెషీన్ పాడవుతుందన్న భయం కూడా లేదు. మీ వాదనతో బీబీసీ మైక్రో అవసరం తేలట్లేదండి, ఆర్డునో అవసరం తేలుతోంది.

భీమవరం_చెరువులు

ఆర్డునోకి ప్రోగ్రామ్ రాయాలంటే ఇంకో కంప్యూటర్ కావాలి, కంపైల్ చెయ్యాలి, కేబుల్‌లో ఎక్కించాలి. బీబీసీలో ప్రాంప్టు దగ్గరే టైపు చేసి ఎంటర్ కొడితే అంకె వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లకి ఆ తేడా చిన్నది కాదమ్మా.

పాలకొల్లు_పాతసామాను

నా దగ్గర డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అనే ఇంకో పాత కంప్యూటర్ ఉంది, 1986లో డెసిబెల్స్ వాళ్ళు ఇక్కడ లైసెన్సు మీద అమ్మినది. జెడ్80 ప్రాసెసర్, 3.5 మెగాహెర్ట్జ్. కీబోర్డు కింది పొర నుంచి బోర్డుకొచ్చే రిబ్బన్ ఆత్రేయపురం పూతరేకే, ముట్టుకుంటే విరుగుతుంది. ఆ రిబ్బన్ మార్చి మార్చి విసుగెత్తి ఇప్పుడు ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్ వాడుతున్నాను. నాకు ఏ లోటూ కనిపించలేదు. 48 కేబీ ఆట టేపు నుంచి ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు కాచుక్కూర్చుని, చివర్లో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ చూసుకునే తపస్సు నాకొద్దు బాబూ.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. స్పెక్ట్రమ్ తెర సెకనుకి 50 సార్లు మారుతుంది, మన లాప్‌టాప్ తెరలు ఎక్కువగా 60. అందుకని అడ్డంగా జరిగే బొమ్మ సన్నగా కుదుపుతుంది. తెరని 50కి మార్చుకునే సెట్టింగుంటే మార్చుకోండి, లేదంటే భరించండి.

ఇంకొకటి. మెషీన్‌లో చిప్పు మీద శాశ్వతంగా ఉండే ప్రోగ్రామ్ (రోమ్) కాపీరైటు సంగతి ఎవరూ ఎత్తలేదు. స్పెక్ట్రమ్ వరకు గొడవ లేదు: హక్కులు కొనుక్కున్న ఆమ్‌స్ట్రాడ్ 1999లోనే, ఎమ్యులేటర్లతో పాటు రోమ్‌లు పంచుకోవచ్చని చెప్పేసింది, హక్కు మాత్రం తమదేనంది. ఆటలు వేరు. ప్రతిదానికీ యజమాని వేరే.

రాజోలు_పెన్షనర్

నాయనా కోనసీమ సైన్సు మేస్టారూ, మీ చర్చ అంతా చదివాను. మెషీన్ గురించి ఇంత మాట్లాడారు గానీ ఆ బూట్ల పెట్టె గురించి ఒక్కరూ అడగలేదు. ఆ క్యాసెట్ల మీద ఏం రాసి ఉంది?

నేనూ ఆ పథకంలో శిక్షణ తీసుకున్నవాణ్ణే. కొన్ని క్యాసెట్లు పైనుంచి వచ్చినవి, పాఠాలు, ఆటలు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. మిగతావి మేస్టార్లు, పిల్లలు రాసుకున్నవి. అవి ఇంకెక్కడా ఉండవు.

కోనసీమ_సైన్సు

మేస్టారూ, ఇప్పుడే చూసొచ్చాను. కొన్ని అచ్చు లేబుళ్ళు. మిగతావాటి మీద పెన్నుతో: ‘అచ్చులు’, ‘హల్లులు 1’, ‘హల్లులు 2’, ‘10వ తరగతి మార్కులు’, ఒకదాని మీద ‘కాలవ వంతులు’. ‘హల్లులు 2’ టేపు మీద తెల్లగా బూజులాంటిది పట్టింది.

రాజోలు_పెన్షనర్

అచ్చులు, హల్లులు అంటే తెలుగు అక్షరాలు గీసిన ప్రోగ్రామ్ అయ్యుంటుంది. వీడీయూ 23 అని ఒక ఆజ్ఞ ఉండేది. అక్షరం నంబరు, దాని వెనక ఎనిమిది అంకెలు. ఒక్కో అంకె ఒక్కో అడ్డవరస. ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అందులో ‘క’ తలకట్టు పెడితే పొట్ట పట్టదు, పొట్ట పెడితే తలకట్టు పోతుంది. గళ్ళ కాయితం మీద పెన్సిలుతో నింపి, ఒక్కో వరస కూడి అంకె రాసేవాళ్ళం. ఒక అక్షరానికి రెండు గళ్ళు కేటాయించేవాళ్ళు కొందరు, ‘క్ష’కి మూడు. మామూలుగా సొంత అక్షరాలకి ఇచ్చేది 32 స్థానాలే, 224 నుంచి 255 దాకా. మన అక్షరమాల దాంట్లో ఎక్కడ పడుతుంది? అందుకే అచ్చులు ఒక క్యాసెట్టు, హల్లులు రెండు అయ్యుంటాయి. మోడ్ 1లో రంగులు పెడదామంటే తెరకే 20 కేబీ పోయి ప్రోగ్రామ్‌కి చోటుండేది కాదు. మోడ్ 4లో చేసేవాళ్ళం.

కాలవ వంతులంటే వారబందీ (కాలవ నీళ్ళు వంతులవారీగా పంచే) లెక్క కాబోలు. ఎవరిదో మరి.

లాకుల_దగ్గర (ధవళేశ్వరం)

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. పెన్షనర్ మేస్టారు అడిగాక ఇక ఆగలేను.

మెషీనా, ఎమ్యులేటరా అని ఇంతసేపు కొట్టుకున్నారే, ఆ రెండూ ఆగగలవు. ఆ బీబీసీ ఇంకో పదేళ్ళు బీరువాలో ఉన్నా కెపాసిటర్లు మార్చొచ్చు. ఎమ్యులేటర్ ఎక్కడికీ పోదు. ఆ టేపులు మాత్రం ఆగవు, బూజు పట్టడం మొదలైంది. పూర్వ విద్యార్థుల డబ్బులో మొదటి రూపాయి వాటి మీద పెట్టండి.

పైగా దానికి బీబీసీ మెషీనే అక్కర్లేదు. మంచి క్యాసెట్ డెక్కు ఒకటి, లాప్‌టాప్ ఒకటి చాలు. ఆ టేపులో ఉన్నది శబ్దమే: 1 అయితే 2400 హెర్ట్జ్ తరంగాలు రెండు, 0 అయితే 1200 హెర్ట్జ్ తరంగం ఒకటి. దాన్ని వేవ్ ఫైల్‌గా రికార్డు చేసి, సాఫ్ట్‌వేర్‌తో యూఈఎఫ్ ఫైల్‌గా మార్చితే ఎమ్యులేటర్ నేరుగా చదువుకుంటుంది.

బీబీసీ టేపుల్లో ఇంకో సుళువుంది. ప్రోగ్రామ్‌ని 256 బైట్ల ముక్కలుగా రాస్తుంది, ప్రతి ముక్కకీ పేరు, వరస నంబరు, తప్పుపట్టే సీఆర్‌సీ అంకె ఉంటాయి. మధ్యలో ఒక ముక్క పోయినా మిగతావి దక్కుతాయి. మొదటి రికార్డింగులో నాలుగో ముక్క బాగుండి, రెండో రికార్డింగులో ఏడో ముక్క బాగుంటే రెండూ కలిపి అతికించుకోవచ్చు. పాలకొల్లు గారి స్పెక్ట్రమ్‌కి ఆ వెసులుబాటు లేదు, ప్రోగ్రామ్ మొత్తం ఒకే ముద్ద, చివర ఒక్క పారిటీ బైటు. ఒక్క చుక్క పోతే అంతా పోయినట్టే.

చేసేటప్పుడు: బూజు పట్టిన ‘హల్లులు 2’ని ఇప్పుడే ప్లేయర్లో పెట్టకండి, హెడ్డుకి అంటుకుని మిగతావాటికీ పాకుతుంది. దాన్ని వేరే కవర్లో కట్టి పక్కన పెట్టండి. మిగతావాటిని ముందొకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పండి. డెక్కులో డాల్బీ (గరగర తగ్గించే మీట) ఆపేయండి. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, కూత అన్నిటికన్నా పదునుగా వినిపించేదాకా దాన్ని వెంట్రుకవాసి తిప్పాలి. పెద్దగా తిప్పొద్దు. రికార్డింగుని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం ఎవరికీ పంపకండి, నొక్కేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి.

పాలకొల్లు_పాతసామాను

కాపీ తియ్యడానికి చట్టం అడ్డురాదు కూడా. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో, చట్టప్రకారం తన దగ్గరున్న ప్రోగ్రామ్ పోకుండా భద్రం కోసం కాపీ తీసుకోవచ్చని ఉంది. అచ్చు లేబుళ్ళవి మీ స్కూల్లోనే ఉంచుకోండి, ఇంటర్నెట్లో పెట్టకండి. మేస్టార్లు రాసినవి మాత్రం వాళ్ళని అడిగి పెట్టేయండి.

తణుకు_కోడర్

లాకుల దగ్గర గారూ, అంటే చివరికి తేలింది నా మాటేగా? టేపులు ఫైళ్ళుగా మారాయి, ఎమ్యులేటర్‌లో నడిచాయి. అక్షరమాల ప్రోగ్రామ్ మీద క్లాసంతా ఒకేసారి కూర్చుంటుంది. మెషీన్ పని ఏముంది ఇందులో?

టంకం_చుక్క (కాకినాడ)

ఉంది. ఆ అక్షరాలు ఎనిమిది చుక్కల గళ్ళలో గీసినవి, పాత టీవీ తెర మీద చుక్కకీ చుక్కకీ మధ్య అంచు కరిగి కలిసిపోయేది. లాప్‌టాప్‌లో అదే అక్షరం మెట్లు మెట్లుగా, ముక్కలైన సున్నలా ఉంటుంది. మేస్టారు దేన్ని చూసుకుంటూ గీశారో అది చూడాలంటే టీవీ కావాలి, ఆ మెషీన్ కావాలి.

తణుకు_కోడర్

సీఆర్‌టీ ఫిల్టర్ అని, బొమ్మని పాత టీవీ తెరలా చూపించే టిక్కు ఒకటి ఉంటుంది ఎమ్యులేటర్లలో. పెట్టుకోండి.

టంకం_చుక్క (కాకినాడ)

ఫిల్టరంట! చెల్లెమ్మా, నువ్వొకసారి కాకినాడ రా, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తా. అప్పుడు మాట్లాడదాం.

రాజోలు_పెన్షనర్

కొట్టుకోండి, నాకు సరదాగానే ఉంది. సైన్సు మేస్టారూ, ‘కాలవ వంతులు’ లిస్టింగు బయటికొస్తే మొదటి లైన్లో రెమ్ (మెషీన్ పట్టించుకోని, మనం రాసుకునే వ్యాఖ్య) అని ఉందేమో చూడండి. అప్పట్లో పిల్లలు పేరు, క్లాసు అక్కడే రాసుకునేవాళ్ళు.

కోనసీమ_సైన్సు

తప్పకుండా మేస్టారూ. డెక్కు మా బావగారింట్లో ఒకటుంది, బెల్టు సాగిందంటున్నారు. టంకం చుక్క గారూ, కాకినాడలో ఆ బెల్టులు దొరుకుతాయా? దొరికితే ఆదివారం నేనే వస్తాను, మెషీన్ కూడా కారులో పెట్టుకొస్తాను. ప్లగ్గు పెట్టలేదు లెండి.