లాగియోస్ లేజర్ కొలతల్లో కదలని 25 సెంటీమీటర్ల తేడా: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. అంతరిక్ష జియోడెసీలో (ఉపగ్రహాల సాయంతో భూమిని కొలిచే శాస్త్రంలో) ఈమధ్యే పరిశోధన మొదలుపెట్టాను. నేల మీది స్టేషన్ల నుంచి లేజర్ వేసి దూరం కొలిచే లాగియోస్-1, లాగియోస్-2 ఉపగ్రహాల నార్మల్ పాయింట్లను (అనేక కొలతలను సగటు చేసిన బిందువులను) నాసా వారి సీడీడీఐఎస్ ఆర్కైవ్ నుంచి దింపుకుని, ఒక విశ్లేషణ కేంద్రం ఇచ్చిన కక్ష్యతో పోల్చి చూస్తున్నాను. ప్రోగ్రాం నేను రాసుకున్నదే. కొలిచిన దూరంలోంచి లెక్కకట్టిన దూరం తీసేస్తే అన్ని స్టేషన్లకూ మైనస్ 25 సెంటీమీటర్ల చుట్టుపక్కల మిగులుతోంది. యారగడీ, గ్రాజ్, వెట్‌సెల్, ఏది చూసినా అంతే. ఉపగ్రహం నడినెత్తిన ఉన్నా, దిగంతం వైపు వాలినా పెద్దగా మారడం లేదు. వాతావరణ దిద్దుబాటుకు మెండెస్-పావ్లిస్ నమూనా వాడాను.

ఇంకో సందేహం. ఒక స్టేషన్‌కు కొన్ని పాస్‌లు (ఉపగ్రహం ఒకసారి స్టేషన్ మీదుగా వెళ్లినప్పటి కొలతలు) రెండేసి సార్లు కనిపిస్తున్నాయి. అంకెల్లో స్వల్పంగా తేడా ఉంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

మొదటి సమాధానం:

తేడా ఎంతో చెప్పి ఊరుకోకుండా అది ఎలా ప్రవర్తిస్తోందో కూడా రాశారు. కారణం దాదాపు అందులోనే ఉంది.

మీరు వదిలేసింది ఉపగ్రహ ద్రవ్యకేంద్ర దిద్దుబాటు. లాగియోస్ 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గోళం. దాని ఒంటినిండా 426 ప్రతిఫలక పట్టకాలు ఉంటాయి. లేజర్ కాంతి వెనక్కి తిరిగేది ఆ పట్టకాల దగ్గర. మీ చేతిలోని కక్ష్య చెప్పేది గోళం మధ్యబిందువు ఎక్కడుందని. అందుకే కొలిచిన దూరం ప్రతిసారీ తక్కువై మైనస్ గుర్తు వస్తోంది. మరి వ్యాసార్ధమంత, అంటే 30 సెంటీమీటర్లు ఎందుకు రాలేదు? కాంతి గాజులోకి దూరి, లోపలి మూడు ముఖాల మీద తగిలి బయటికి వస్తుంది. గాజులో దాని వేగం తగ్గుతుంది. ఆ ఆలస్యం వల్ల అది ఉపరితలం కంటే కొంత లోపలి నుంచి తిరిగి వచ్చినట్టు లెక్క తేలుతుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న ప్రామాణిక విలువ 251 మిల్లీమీటర్లు.

అయితే ఆ ఒక్క అంకె అన్ని స్టేషన్లకూ పెట్టి ఊరుకోకండి. ఒక్కొక్క ఫోటాన్‌ను పట్టే స్టేషన్‌కూ, బలమైన ప్రతిధ్వని ముందంచును పట్టే స్టేషన్‌కూ ఈ విలువ కొన్ని మిల్లీమీటర్లు వేరుగా ఉంటుంది. స్టేషన్‌లో డిటెక్టర్ మారిస్తే విలువా మారుతుంది. స్టేషన్‌వారీగా, తేదీలవారీగా ఐఎల్‌ఆర్‌ఎస్ (అంతర్జాతీయ లేజర్ కొలతల సేవాసంస్థ) పట్టికలు ఇస్తోంది. వాటినే వాడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సుమారు ఇంతే పరిమాణంలో ఇంకో లోపం కూడా రాగలదు: భూమి ఘనభాగపు ఆటుపోట్లను లెక్కలో మరచిపోవడం. చంద్రసూర్యుల ఆకర్షణకు స్టేషన్ కింది నేల మూడు నాలుగు పదుల సెంటీమీటర్ల మేర పైకీ కిందికీ కదులుతుంది. కానీ ఆ తేడా సుమారు పన్నెండు గంటల లయతో ఊగుతుంది, గుర్తు కూడా మారుతుంది. మీది ఊగడం లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. వాతావరణ దిద్దుబాటు పూర్తిగా పోయి ఉంటే నడినెత్తినే రెండు మీటర్లకు పైగా తేడా కనిపించి, ఉపగ్రహం వాలుతున్నకొద్దీ ఇంకా పెరిగేది. సాపేక్షతా సిద్ధాంతం చెప్పే కాంతి ఆలస్యాన్ని వదిలేస్తే లాగియోస్‌కు సెంటీమీటరు లోపే. లోపాన్ని వెతికేటప్పుడు కోడ్ తెరవడానికి ముందు ఈ పరిమాణాలు పక్కన రాసి పెట్టుకోండి. వెతకాల్సిన చోటు చాలావరకు అవే చూపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:

చాలా ధన్యవాదాలండీ. పట్టికలోని విలువలు పెట్టగానే సగటు సున్నాకు దగ్గరగా వచ్చేసింది. కానీ ఈ దిద్దుబాటును స్టేషన్ వారు ముందే చేసి పంపారా లేదా అని తెలుసుకునేదెలా? రెండుసార్లు చేసే ప్రమాదం ఉంది కదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

ఆ సంగతి ఫైలే చెబుతుంది. లేజర్ కొలతలు పంపే ప్రామాణిక ఫైలు రూపమైన సీఆర్‌డీలో ప్రతి పాస్‌కూ హెచ్4 అనే శీర్షిక వరుస ఉంటుంది. మొదలైన సమయం, ముగిసిన సమయం అయ్యాక వరుసగా చిన్న చిన్న అంకెలు వస్తాయి. మొదటిది విడుదల సంఖ్య. తర్వాతిది వాతావరణ దిద్దుబాటు చేశారా అని, దాని పక్కది ద్రవ్యకేంద్ర దిద్దుబాటు చేశారా అని. సున్నా అంటే చేయలేదు, ఒకటి అంటే చేశారు. మీ ప్రోగ్రాం ఈ అంకెలను తప్పనిసరిగా చదవాలి. ఎప్పుడూ సున్నాయే ఉంటుందిలే అని నమ్మి వదిలేయకూడదు.

అలాగే నార్మల్ పాయింట్ ఉండే 11వ రకం వరుసను కూడా ఒకసారి కళ్లతో చూడండి. మొదట యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) రోజులో గడిచిన సెకన్లు, తర్వాత కాంతి వెళ్లి వచ్చిన కాలం. ఉదాహరణకు 0.045 సెకన్లు ఉంటే, సగం చేసి కాంతివేగంతో గుణిస్తే సుమారు 6,745 కిలోమీటర్లు. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఆ సమయం ఏ ఘట్టానిదో చెప్పే అంకె ఉంటుంది. 2 ఉంటే కాంతి నేల నుంచి బయల్దేరిన క్షణం, 1 ఉంటే ఉపగ్రహాన్ని తాకిన క్షణం. ఈ రెండింటి మధ్య 22 మిల్లీసెకన్లకు పైగా ఉంది. అంతలోనే లాగియోస్ వంద మీటర్లు దాటి వెళ్లిపోతుంది.

అర్ధరాత్రి దాటే పాస్‌ల మీదా ఓ కన్నేసి ఉంచండి. సెకన్లు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి గానీ తేదీ మారిందని ఆ వరుసలో రాసి ఉండదు. మీరే గుర్తించి ఒక రోజు కలపాలి.

రెండో సమాధానం (రెండేసి పాస్‌ల గురించి):

డేటా భద్రపరిచే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నకు నేను చెబుతాను. పై వారు చెప్పిన విడుదల సంఖ్యే మీకు కావలసింది. స్టేషన్ మొదటిసారి పంపినదానికి 0. ఏదో సరిచేసి మళ్లీ పంపితే 1, ఇంకోసారి పంపితే 2. ఒకే స్టేషన్, ఒకే ఉపగ్రహం, ఒకే పాస్ అయినప్పుడు పెద్ద సంఖ్య ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోండి. స్టేషన్‌ను పేరుతో కాకుండా నాలుగంకెల సంఖ్యతో గుర్తించండి (యారగడీ 7090, గ్రాజ్ 7839). సీఆర్‌డీ మొదటి రూపం, రెండో రూపం వేర్వేరు డైరెక్టరీల్లో ఉంటాయి. రెండింటినీ కలిపి చదివితే ఒకే పాస్ రెండుసార్లు చేరకుండా చూసుకోవాలి.

కానీ పాతదాన్ని దయచేసి చెరిపేయకండి. ఇది గట్టిగా చెప్పాలనిపిస్తోంది. దింపుకున్న ఫైలును ఉన్నదున్నట్టుగా ఒక చోట ఉంచి, దింపిన తేదీ, చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) పక్కన రాసి, ఆ చోటును చదవడానికి మాత్రమే వీలయ్యేలా మూసేయండి. ఎంపిక, దిద్దుబాటు అన్నీ దాని మీద నడిచే ప్రోగ్రాంలో జరగాలి, ఫైలులో కాదు. స్టేషన్ల దూర పక్షపాతాలు, సమయ పక్షపాతాలు (కొలతల్లో స్థిరంగా ఉండిపోయే లోపాలు) తెలిపే ఐఎల్‌ఆర్‌ఎస్ డేటా హ్యాండ్లింగ్ ఫైలు కాలక్రమంలో మారుతూ ఉంటుంది. మీరు ఏ తేదీ నాటి ఫైలు వాడారో ఫలితంతో పాటు నమోదు చేయండి. లాగియోస్-1 అంతరిక్షంలోకి వెళ్లింది 1976లో. దశాబ్దాల నాటి కొలతలను ఇప్పటికీ కొత్త నిర్దేశ చట్రం (భూమి మీది స్థానాలను చెప్పే ప్రామాణిక అక్షాల వ్యవస్థ) వచ్చినప్పుడల్లా మొదటి నుంచి మళ్లీ లెక్కిస్తున్నారంటే, ముడి కొలతలను ఎవరో దిద్దకుండా దాచి ఉంచడం వల్లే కదా.

దింపుకునే విషయంలో ఒక్క మాట: సీడీడీఐఎస్ 2020 అక్టోబరు చివరిలో పాత అనామక ఎఫ్‌టీపీని (ఖాతా లేకుండా ఫైళ్లు దింపుకునే మార్గాన్ని) ఆపేసింది. పాత స్క్రిప్టులు అందుకే పనిచేయవు. నాసా వారి ఎర్త్‌డేటా ఖాతా తెరిచి హెచ్‌టీటీపీఎస్ ద్వారా తీసుకోండి. మ్యూనిక్‌లోని ఈడీసీ కేంద్రంలో కూడా ఇదే డేటా దొరుకుతుంది.

మరో సభ్యుని ప్రశ్న:

నాది దీనికి దగ్గరి సందేహమే. యూరప్ వారి గెలీలియో నావిగేషన్ ఉపగ్రహాల కక్ష్యలను లేజర్ కొలతలతో సరిచూస్తున్నాను. తేడా సెంటీమీటర్లలో కాదు, కిలోమీటర్లలో వస్తోంది. ద్రవ్యకేంద్ర దిద్దుబాటు పెట్టాను.

మొదటి సమాధానం ఇచ్చినవారు:

కిలోమీటర్లంటే ముందుగా గడియారాన్ని అనుమానించండి. ఎస్‌పీ3 కక్ష్య ఫైళ్లు సాధారణంగా జీపీఎస్ కాలంలో ఉంటాయి. లేజర్ కొలతలు యూటీసీలో ఉంటాయి. 2017 జనవరి 1 నుంచి జీపీఎస్ కాలం యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. ఆ వ్యవధిలో గెలీలియో 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. ఎస్‌పీ3 శీర్షికలో ఏ కాలమానమో రాసి ఉంటుంది, చూసి మార్చండి. అంతకు ముందు సంవత్సరాల డేటా కూడా వాడితే 18 అని కోడ్‌లో నేరుగా రాయకుండా లీప్ సెకన్ల (యూటీసీకి అప్పుడప్పుడూ కలిపే సెకన్ల) పట్టిక నుంచి తీసుకోండి.

ఇది సరిచేశాక కూడా కొన్ని సెంటీమీటర్లు మిగిలితే, గోళాకార ఉపగ్రహాలకు వాడే పద్ధతి ఇక్కడ చాలదని గుర్తుంచుకోండి. గెలీలియోలో ప్రతిఫలకాలు భూమివైపు పలక మీద ఒక చోట ఉంటాయి. కాబట్టి ఉపగ్రహం ఆ క్షణాన ఎటు తిరిగి ఉందో లెక్కించి, ఆ దిశలోనే దిద్దుబాటు వేయాలి. ఒక పాస్ అంకెలు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.